ఎండొస్తే కదిలే ప్రెస్సు

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఏమిటంటే, మా వదిన ఏదో ఒకరోజు వేళ్ళు పోగొట్టుకుని ఇంటికి వస్తుందని. బిడ్డ ఒళ్ళు వెచ్చబడిందనీ, లారీ మీద వెళ్ళిన మా ఆయన ఫోను ఎత్తడం లేదనీ, గ్యాసు కట్టేశానో లేదో అనీ గుండె దడదడలాడించుకునే మనిషినే నేను. ఇంట్లో నా పేరే ‘కంగారు’. అయితే ఆ భయాలు వస్తాయి, పోతాయి. ఇది మాత్రం వదిన గుమ్మం దాటింది మొదలు మళ్ళీ ఆమె చెప్పుల చప్పుడు వినపడేదాకా నాతోనే కూర్చుంటుంది.

వదిన అంటే మా ఆయన అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, కూరకు వంక పెట్టేవాడు ఇంట్లో ఒకడున్నాడు, ఇంకొకడు కూడానా అని తమ్ముణ్ణి చూపిస్తుంది. రేకు డబ్బాలకు మూతలు కొట్టే షాపులో ప్రెస్సు మీద ఆమె పని. రేకు ముక్కను అచ్చు మీద పెట్టాలి, కాలితో పెడల్ తొక్కాలి, పైనుంచి ఇనుప దిమ్మ పడి లేస్తుంది, మూత తీసి గంపలో వేయాలి. పూటంతా ఇదే. నా కూతురు చిట్టి నేను ఎంత జోకొట్టినా నిద్రపోదు. వదిన అరచెయ్యి వీపు మీద పడిందంటే చాలు, కళ్ళు మూతలు పడతాయి. ఆ అరచెయ్యే రోజూ ఆ దిమ్మ కిందికి వెళ్ళి వస్తూ ఉంటుంది.

దానికి కాపలా ఒక కన్ను. ప్రెస్సుకు ఒక పక్క ఎర్ర అద్దం వెనక దీపం ఉంటుంది. ఎదురుగా రెండో పక్క సన్నటి గొట్టం, గొట్టం మూతికి మళ్ళీ ఎర్ర అద్దం, గొట్టం లోపల ఒక గాజు బుడ్డి. ఆ బుడ్డినే అందరూ కన్ను అంటారు. దీపం వెలుగు కంటికి అందుతున్నంతసేపే దిమ్మ కదులుతుంది. మధ్యలోకి చెయ్యి వచ్చిందా, వెలుగు తెగుతుంది, పెడల్ ఎంత తొక్కినా దిమ్మ పడదు.

ఆ కళ్ళు తయారయ్యే చోటే నా పని. కళ్ళ ఫ్యాక్టరీ అన్నానని పక్కింటి మామ్మ ఒకసారి కాడ విరిగిన తన కళ్ళజోడు నా సంచిలో పెట్టి, సాయంత్రానికల్లా బాగు చేయించుకు రమ్మంది. అది వేరు, ఇది వేరు అని చెప్పడానికి నా వల్ల కాలేదు. బడి తొమ్మిదో తరగతి సగంలో ఆగిపోయింది కాబట్టి పుస్తకాల్లో దీన్ని ఎలా రాస్తారో నాకు తెలియదు. నాకు పని నేర్పిన మా మేడమ్ చెప్పిందీ, నేను చేత్తో చేసిందీ రాస్తాను.

పొటాషియం అని ఒక లోహం ఉంది. నూనెలో ముంచి దాస్తారు. చాకు పెడితే వెన్నముద్దలా తెగుతుంది. తెగిన చోట వెండిలా మెరిసి, చూస్తుండగానే మాసిపోతుంది. నీటి చుక్క తగిలితే భగ్గుమంటుంది, అందుకే ఆ గదిలోకి తడి చేతులతో ఎవరినీ అడుగు పెట్టనివ్వరు. గాలి తోడేసిన గాజు బుడ్డిలో ఆ లోహాన్ని వేడిచేస్తే ఆవిరై, లోపలి గోడకు పల్చటి పూతలా పడుతుంది. ఆ మంట పట్టేది నేనే. పూత మీద వెలుతురు పడితే లోహంలోంచి ఎలక్ట్రాన్లు ఎగిరి బయటికొస్తాయి, సన్నగా కరెంటు పారుతుంది, మీటరు ముల్లు లేస్తుంది.

అయితే దానికి ఏ వెలుతురు పడితే ఆ వెలుతురు పనికిరాదు. నీలం వెలుగు రవ్వంత తగిలినా పొటాషియం పలుకుతుంది. ఎర్ర వెలుగు బిందెలతో గుమ్మరించినా ముల్లు ఉలకదు. దీపం పెద్దది చేస్తే లేస్తుందేమో కదా అని చేరిన కొత్తలో అడిగాను. లేవదంది మేడమ్. నాకు అర్థమైంది ఇలా: బిగుసుకున్న సీసా మూతను వీధిలో పిల్లలందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి తిప్పినా అది రాదు, ఒక్క పెద్ద మనిషి తిప్పితే వస్తుంది. ఎర్ర వెలుగు ఆ పిల్లల గుంపు. నీలం వెలుగు ఆ పెద్ద మనిషి.

ఎరుపుకు కూడా పలకాలంటే సీసియం అనే ఇంకో లోహంతో వేరే పూత వేయాలి. ప్రెస్సులకు పంపేవి ఆ ఎరుపు కళ్ళు. బుడ్డి బయట నల్లరంగు పూసి, వెలుగు దూరేంత చోటే వదులుతారు కాబట్టి పైకి చూస్తే పొటాషియం పూసిన నీలం కన్నూ, ఎరుపు కన్నూ కవల పిల్లల్లా ఉంటాయి. ట్రేలు తారుమారు కావడం మామూలే. అందుకే చివర్లో టెస్టు అక్క చీకటి గదిలో కూర్చుని, ఒక్కోదాన్నీ ఎర్ర బల్బు ముందు పెట్టి చూస్తుంది. ముల్లు లేస్తే ఎరుపు కన్ను. లేవకపోతే పక్కకు. ఆ బల్బు ముందు ఉండాల్సిన ఎర్ర అద్దం పగిలిపోయి, కొత్తది వచ్చేదాకా మామూలు బల్బుకే ఎర్రరంగు పూసి వాడుతున్నారు. గదిలోకి ఎప్పుడు తొంగిచూసినా అంతా ఎర్రగానే కనపడేది. ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ రోజు నేను పొద్దుటి పని ముగించుకుని వచ్చేసరికి వదిన అన్నం తిని బయల్దేరుతోంది. మా ఇంట్లో పద్ధతి అది, నేను లోపలికి వస్తే తను బయటికి. చిట్టికి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందని చెప్పి, మందు వేశాననీ, నువ్వు మళ్ళీ వేసి పిల్లను చంపొద్దనీ హెచ్చరించింది. చెప్పులు వేసుకుంటూ ఆకాశం వంక చూసి మూతి విరిచింది.

“మా మిషను నీకు చుట్టమే పిల్లా. నిన్న కొత్త కన్ను పెట్టారు. అప్పట్నుంచీ మబ్బు పడితే చాలు, దిగాలుగా ఆగిపోతోంది. ఎండొస్తే మళ్ళీ లేచి కూర్చుంటోంది.”

నేనూ నవ్వాను. ఆమె వెళ్ళిపోయింది.

పెరట్లో చిట్టి బట్టలు ఆరేశాను. వాన వచ్చేలా ఉంది, తీసేద్దామా ఉంచుదామా అని తల ఎత్తి చూశాను. నల్లటి మబ్బు సూర్యుడి మీదికి జరిగి ఆగింది. తడి గౌను చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ప్రెస్సు దీపానికి మబ్బుతో ఏం పని? దీపం షాపులో ఉంది, మబ్బు ఆకాశంలో ఉంది. దీపాన్ని చూసే కన్నయితే బయట తుఫాను వచ్చినా దానికి పట్టదు. మబ్బు పడితే ఆగుతోందంటే ఆ కన్ను దీపాన్ని చూడడం లేదు. కిటికీని చూస్తోంది. కిటికీలోంచి ఎండ పడుతున్నంతసేపూ, మధ్యలో చెయ్యి ఉన్నా లేకపోయినా, దానికి లెక్కలేదు. దిమ్మ పడుతుంది.

గౌను అక్కడే పడేసి లోపలికి పరుగెత్తాను. వదినకు ఫోను చేశాను. పనిలో ఉన్నప్పుడు ఫోన్లు బీరువాలో పెట్టించేస్తారు, ఎవరు ఎత్తుతారు? షాపు ఆఫీసుకు చేశాను. గుమాస్తా నా గొంతు గుర్తుపట్టాడు. ఇంతకుముందు చిట్టి గుండీ మింగిందని ఏడుస్తూ వదినను పిలిపించానులెండి, ఆ గుండీ తర్వాత మంచం కింద దొరికింది.

“చెప్పమ్మా, ఈసారి ఏం మింగింది?” అన్నాడు.

ప్రెస్సు ఆపించండి అన్నాను. ఎందుకన్నాడు. మబ్బు గురించి మొదలుపెట్టాను, కన్ను, కిటికీ, నీలం అంటూ ఏదేదో చెప్పాను. అతను ఓపిగ్గా విని, చెబుతాలేమ్మా, నువ్వు కాసిని మంచినీళ్ళు తాగు అని పెట్టేశాడు. చెప్పడని నాకు తెలుసు. నేనైనా చెప్పేదాన్ని కాదు.

నేను పొరపడ్డానేమో అని కూడా ఉంది మనసులో. ఎన్నిసార్లు పొరపడలేదు? టెస్టు అక్కకు చేశాను. అక్కా, నీ ఎర్ర బల్బును ఒక్కసారి కట్టేసి, చల్లారాక చుట్టూ తిప్పి చూడు అని బతిమాలాను. నీకు పిచ్చి పట్టిందే అంటూనే వెళ్ళింది. తిరిగి వచ్చి ఫోను తీసుకుంది.

“వెనకవైపు, కళ్ళు పెట్టే పక్క, రంగు పెచ్చు లేచిపోయిందే. నువ్వుగింజంత. మళ్ళీ వేస్తే అక్కణ్నుంచి తెల్ల వెలుగు కారుతోంది.”

నువ్వుగింజంత చాలు. అందులో ఉన్న కాస్త నీలం చాలు, ముల్లు లేవడానికి. గదంతా ఎర్రగా కనపడుతున్నా, నీలం కళ్ళు ఆ చిన్న చిల్లును చూసి పలికాయి, ఎరుపు కళ్ళ ట్రేలోకి వెళ్ళిపోయాయి. మేడమ్‌కు చెప్పి, బయటికి వెళ్ళినవన్నీ వెనక్కి పిలిపిస్తానంది. నేను అప్పటికే చిట్టిని తుండుగుడ్డలో చుట్టి భుజాన వేసుకున్నాను.

షాపు మా ఇంటికి దూరం కాదు, బస్సుల యార్డు వెనక సందులో. కానీ ఆ రోజు ఆ దారి ఎంతకీ తరగలేదు. పరుగెడితే చిట్టి ఏడుస్తోంది, నడిస్తే నా ప్రాణం నిలవడం లేదు. మాటిమాటికీ ఆకాశం చూస్తున్నాను. మబ్బు ఉన్నంతసేపూ ప్రెస్సు కదలదు, వదిన చేతులు ఒడిలో ఉంటాయి. అది అక్కడే ఉండాలని, కదలకూడదని, కావాలంటే నా బట్టలన్నీ తడిపేసినా సరేనని మనసులోనే కాళ్ళావేళ్ళా పడ్డాను. యార్డులో బస్సు కడుగుతున్న మనిషి నన్ను చూసి, ఏమ్మా వాన వస్తుందని భయమా అన్నాడు. రాకపోతే భయం అన్నాను. వింతగా చూశాడు.

సందు మలుపు తిరుగుతుండగా నా ముందు నేల మీద నా నీడ వచ్చింది. భుజం మీద చిట్టి తల నీడ కూడా. ఎండ.

గేటు దాకా వెళ్ళకుండానే వినపడింది. ధబ్. కాసేపాగి మళ్ళీ ధబ్. లోపల ప్రెస్సులు వరసగా ఉంటాయి, ఎవరిది ఏ చప్పుడో నాకెలా తెలుస్తుంది? గుమాస్తా బల్ల వెనకనుంచి లేచి, ఇదిగో అమ్మా, అమ్మా అంటూ వెంటపడ్డాడు. నేను ఆగలేదు.

వదిన ప్రెస్సు వరసలో చివర, కిటికీ పక్కన. ఆమె వీపు నావైపు ఉంది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి సరిగ్గా ఆ కంటి మీద పడుతోంది. గొట్టం లేదు, ఎర్ర అద్దం లేదు. ఉత్త బుడ్డి నగ్నంగా కూర్చుని ఉంది. వదిన రేకు పెట్టింది, తొక్కింది, ధబ్, తీసింది. పెట్టింది, తొక్కింది.

కేక పెట్టాలని నోరు తెరిచి మూసుకున్నాను. ప్రెస్సు మీద ఉన్న మనిషిని వెనకనుంచి ఉలిక్కిపడేలా చేయకూడదని వదినే నాకు చెప్పింది. ఉలిక్కిపడితే చెయ్యి ఆగుతుంది, కాలు ఆగదు. అందుకని గోడవారగా, ఆమెకు తగలకుండా జరుగుతూ కిటికీ దగ్గరికి చేరాను. చిట్టిని ఒక చంకకు మార్చి, తుండుగుడ్డ లాగి, రెండో చేత్తో ఎండకు అడ్డంగా పట్టుకున్నాను.

పైకి లేచిన దిమ్మ అలాగే ఆగిపోయింది.

వదిన తల ఎత్తలేదు. పాడు మబ్బు మళ్ళీ వచ్చింది అని గొణిగింది. ఎలాగూ ఆగింది కదా అని, అచ్చులో వంకరగా ఇరుక్కున్న రేకును సర్దడానికి రెండు చేతులూ దిమ్మ కిందికి పెట్టింది.

ఆమె కాలు పెడల్ మీదే ఉంది. తొక్కే ఉంది.

గుడ్డ నా చేతిలో ఉంది. అది జారితే ఎండ పడుతుంది. ఎండ పడితే దిమ్మ పడుతుంది. చిట్టికి తన గుడ్డ కావాలి. ఎర్రబడ్డ కళ్ళతో ఏడుస్తూ దాని కొస పట్టుకుని లాగుతోంది. నేను పట్టు బిగించాను. ఇంత బతుకులో నేను కదలకుండా నిలబడింది ఆ కాసేపే.

“వదినా,” అన్నాను. పక్క ప్రెస్సుల చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ, కొంచెం గట్టిగా, చిట్టిని నిద్రలేపేటప్పుడు మాట్లాడినట్టు అన్నాను. “వదినా, నేనే. చేతులు కదపకు. ముందు కాలు తియ్యి.”

ఆమె తల తిప్పబోయింది.

“ఇటు చూడకు. కాలు తియ్యి.”

ఎందుకని అడగలేదు. అది ఆమె గొప్పతనం. జీవితంలో నా మాట ఎన్నడూ విననిది, ఆ ఒక్కటి విన్నది. పెడల్ మీంచి కాలు మెల్లగా పైకి లేచి నేల మీద ఆనింది. అప్పుడు చేతులు బయటికి తీసింది. నేను గుడ్డ వదిలేశాను.

నాకు ఏడుపు రావాల్సింది, రాలేదు. మాట మాత్రం ముద్దముద్దగా వచ్చింది. వదిన సగం విని, మిగతాది తనే చూస్తానని గోడకు ఆనించిన చీపురు తెచ్చింది. ఎండ కంటి మీద పడుతూనే ఉంది. చీపురు కర్రను చెయ్యి ఉండే చోట, దీపం వెలుగుకు అడ్డంగా పెట్టింది. దీపం వెలుగు తెగింది, ఎర్రటి చుక్క కర్ర మీదే ఆగిపోయింది. అంటే దిమ్మ పడకూడదు. పెడల్ తొక్కింది.

ధబ్.

కర్ర కొస చితికి అచ్చులో అతుక్కుపోయింది. వదిన ఆ కర్రను చాలాసేపు చూసింది. తర్వాత తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి, కొత్తగా ఎవరో ఇచ్చిన వస్తువుల్లా చూసుకుంది.

ఊళ్ళో షాపులకు తిరిగి ఈ కళ్ళు బిగించే మెకానిక్‌ను పిలిపించారు. పాపం అతనూ చెడ్డవాడు కాదు. గొట్టం బిగిస్తే మిషను కదలలేదట, తీసేస్తే కదిలిందట. గొట్టం మురికిపట్టి ఉంటుంది, తర్వాత చూద్దాంలే అనుకున్నాడట. చెయ్యి అడ్డం పెట్టి కూడా చూశాననీ, ఆగిందనీ ఒట్టు పెట్టాడు. ఎక్కడ నిలబడి పెట్టావని వదిన అడిగింది. అతను వచ్చి చూపించాడు. కిటికీకీ కంటికీ మధ్య, విశాలమైన వీపుతో.

“అది నీ చెయ్యి చూసి ఆగలేదు నాయనా, నీ వీపు చూసి ఆగింది,” అంది వదిన.

అందరూ నవ్వబోయి ఆగిపోయారు. అతను అక్కడే గంప మీద కూలబడ్డాడు. వదిన నా చంకలోంచి చిట్టిని తీసుకుని వీపు మీద చెయ్యి వేసింది. అంత రొదలోనూ పిల్ల నిద్రలోకి జారుకుంది. థాంక్స్ లాంటి మాటలు మా ఇంట్లో అలవాటు లేవు. ఏమే కంగారూ, వచ్చేటప్పుడు గ్యాసు కట్టేశావా అని మాత్రం అడిగింది. గుర్తు లేదన్నాను. నిజంగానే గుర్తు లేదు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఇదంతా రాసే పనే లేదు. ఆ సాయంత్రం మేడమ్, టెస్టు అక్క కూర్చుని, బయటికి వెళ్ళిన కళ్ళ జాడ ఒక్కొక్కటీ తీశారు. బల్బు పక్కన పడేసి, ఎర్ర అద్దం వచ్చేదాకా పరీక్షే ఆపేశారు. దాదాపు అన్నీ వెనక్కి వచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ బిగించింది కూడా ఆ మెకానిక్కే. వదిన ప్రెస్సుకు ముందురోజు, వేరే పేటలో బెల్టు బకిల్స్ కొట్టే చిన్న షెడ్డులో. అక్కడా గొట్టం తీసేసే వచ్చాడు. మర్నాడు పొద్దున్నే అతనూ నేనూ కలిసి వెళ్ళాం. షెడ్డుకు తాళం వేసి ఉంది. మిషన్లన్నీ లారీకి ఎక్కించుకుని యజమాని వేరే ఊరికి మార్చేశాడని, పనివాళ్ళలో ఇష్టమైనవాళ్ళు వెంట వెళ్ళారని ఎదురు కొట్టువాళ్ళు చెప్పారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. యజమాని ఫోను మోగదు.

ఆ ప్రెస్సు మీద కూర్చునే ఆవిడ మెకానిక్‌కు గుర్తుంది. ఎడమచేతి వాటం మనిషి. నడుం నొప్పని ముక్కాలి పీట మీద మడతపెట్టిన గోనెసంచి వేసుకుని కూర్చునేదట. కడుపుతో ఉందట, నెలలు నిండుతున్నాయట. అతను సామాను సర్దుకుంటుంటే, తమ్ముడూ, ఇది మధ్యమధ్యలో ఆగుతోంది చూడు అందట. మళ్ళీ వచ్చినప్పుడు చూస్తానన్నాడట. ఆ మాట చెబుతూ అతను నా ముందే కళ్ళు తుడుచుకున్నాడు.

ఈపాటికి ఆవిడకు కాన్పు అయి ఉంటుంది. మళ్ళీ పనిలోకి వచ్చి ఉంటుంది, రాక ఏం చేస్తుంది? మా ఊరి ఆకాశం నేను చూసుకోగలను, ఆమె ఊరి ఆకాశం నాకు కనపడదు.

మీ చుట్టుపక్కల బకిల్స్ కొట్టే షెడ్డు ఏదైనా కొత్తగా వచ్చి ఉంటే, దయచేసి ఒక్కసారి లోపలికి వెళ్ళండి. గోనెసంచి పీట మీద, ఎడమ చేత్తో పనిచేసే ఆవిడ ఉందేమో అడగండి. ఉంటే వెనకనుంచి పిలవకండి. పక్కనుంచి వెళ్ళి, ముందు కాలు తియ్యమని చెప్పండి. ఎలా ఉందో, బిడ్డ ఎలా ఉందో కనుక్కోండి.